బాపు కిటికీకి అడ్డంగా బాదం

మా ఇంట్లో మగ్గం ఉన్న గదికి ఒక్కటే కిటికీ, తూర్పు వైపు. ఆ వెలుతురులోనే బాపు చీరలు నేస్తాడు. అన్న కిరాయిలకు తిప్పడానికి కారు కొని, సరిగ్గా ఆ కిటికీ అవతలే నిలిపాడు. ఎండకు సీట్లు పగులుతున్నాయని అక్కడొక చెట్టు పెడదామన్నాడు. నాకు మొక్కలంటే పిచ్చి కాబట్టి నర్సరీకి నన్నూ బండెక్కించుకున్నాడు.

అక్కడ అన్నకు బాదం మొక్క నచ్చింది. నడుమెత్తు కూడా లేదు కానీ, దాని కొమ్మలు అప్పటికే చేతులు చాపినట్టు అడ్డంగా పోతున్నాయి. పెరిగినా అంతే, అంతస్తు మీద అంతస్తుగా పక్కలకే పరుచుకుంటుంది. పక్క వరుసలో ఆకాశమల్లె ఉంది. దాని కొమ్మలు కాండం వెంటే పైకి లేస్తున్నాయి. లైబ్రరీ పుస్తకంలో చెట్ల బొమ్మలు చూసి చూసి, తెలిసిన మనుషుల నడకను పోల్చుకున్నట్టు నేను వాటిని పోల్చుకోగలను.

"అన్నా, బాదం అడ్డం పోతది. బాపు కిటికీ మూసుకపోతది. గా ఆకాశమల్లె తీసుకుందాం, పైకి పోతది," అన్నాను. నా గొంతు పెద్దగా లేవదు.

"గా చెట్టు నీడియ్యదు. మొక్క నీ నడుమంత లేదు, గప్పుడే కిటికీ మూస్తదట," అని అన్న నవ్వాడు. నర్సరీ ఆయనా నవ్వాడు.

బాపుకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఆనికి నచ్చింది తెచ్చుకోనియ్ బిడ్డా. కారు ఖరాబైతది," అన్నాడు.

బండి మీద ఆ మొక్కను ఒళ్లో పెట్టుకుని తెచ్చింది నేనే.

మూడో ఏటికి కొమ్మలు కిటికీ చువ్వలను తాకాయి. కొట్టిద్దామంటే అన్న ఒప్పుకోలేదు. "కొడితె నీడేడుంటది? బాపుకు ట్యూబ్‌లైట్ పెట్టిచ్చిన గద."

బాపు మగ్గం మీది నుంచి తలెత్తలేదు. "నడుస్తది తియ్యి," అన్నాడు.

నడవడం లేదు. ట్యూబ్‌లైట్ కింద ఎరుపూ మెరూనూ ఆయన కంటికి ఒక్కటే. పోయిన నెల అంచులో రంగు మారిందని షావుకారు చీరను తిప్పి పంపాడు. అప్పటి నుంచి నూలు చుట్టిన కండె మార్చినప్పుడల్లా బాపు నన్ను పిలుస్తున్నాడు. కండె పట్టుకుని కారు దాటి, నీడ దాటి, ఎండలో నిలబడి నూలు రంగు చూసి వస్తాను.

"ఎరుపే బాపూ."

"నువ్వు జెప్పినవంటె అంతే బిడ్డా," అంటాడు.

నర్సరీ నుంచి ఫోన్ చేసిన రోజు ఈ మాట అనలేదు. అది విన్నప్పుడల్లా కండెను ఆయన చేతికివ్వను. మగ్గం చెక్క మీద పెట్టి వచ్చేస్తాను.