ఓగోత్ ఒక్కదాని చీకటి

ఓగోత్ ఎవరినీ ఏదీ అడగదు. అది గొప్ప గుణమని ఉత్తర ధ్రువానికి దగ్గరున్న మా దీవిలో అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆ పసుపుపచ్చ చెక్క ఇంట్లో ఒక్కతే ఉంటోంది. పిల్లల్లేరు. చేపలు ఆరేసే పందిళ్ల దగ్గర నడుం విరిగేలా పనిచేసి, డెబ్బై దాటాకే మానేసింది. పక్కింట్లో ఉన్న నా దగ్గరికి రావాలన్నా ముందు ఫోన్ చేసి, ఇబ్బంది కాదు కదా అని అడుగుతుంది.

నవంబరు ఆఖర్న కొండ వెనక్కి పోయిన సూర్యుడు మళ్లీ జనవరిలోగానీ మాకు ముఖం చూపించడు. మధ్యాహ్నం కాసేపు నీలపు వెలుతురు, అంతే. ఎవరిళ్లలో వాళ్లం దీపాలు పెట్టుకుని కూర్చుంటాం.

ఆ చలికాలం ఓగోత్ జడ వేసుకోవడం మానేసింది. దువ్వెన తగిలితే తల పచ్చిపుండులా ఉండేదట. తప్పంతా ఉన్ని టోపీదేనని దాన్ని విప్పి, వదులుగా మళ్లీ అల్లుకుంది. ఎండుచేప నములుతుంటే సగంలోనే దవడ పీకేది. మరీ ఎండబెట్టేశారని పందిళ్ల వాళ్లను తిట్టుకుంది. క్రిస్మస్ వెళ్లాక ఎడమ కన్ను మసకబారింది. ఈ ఏడు చీకటి కాస్త ఎక్కువగా ఉందనుకుని ఇంకో దీపం పెట్టుకుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

సూర్యుడు తిరిగొచ్చే రోజున ఊరంతా చర్చి వెనక గుట్ట ఎక్కుతాం. జామ్ పెట్టిన బన్నులు చేసేది నేనే. ఓగోత్ ఒకటి కొరికి, మిగతాది జేబులో వేసుకుంది. నాకు చుర్రుమంది.

"ఏం, ఈసారి నచ్చలేదా? దాచేస్తున్నావు?"

"అదేం లేదే. దవడ లాగేస్తోంది. ముసలి దవడ."

"నాదేమైనా పడుచు దవడా? నేను రెండు లాగించాను!"

ఇంతలో కొండ అంచున వెలుగు తగిలింది. "అదిగో!" అని అందరూ అరిచారు. చలిగాలికి నీళ్లు కారుతున్న కుడికన్నును ఓగోత్ అరచేత్తో మూసి తుడుచుకుంటోంది.

"ఏదీ? మబ్బు పట్టిందా?" అంది.

ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

"ఓగోత్, ఆ చెయ్యి తియ్యి."

"ఆ, ఇప్పుడు కనిపిస్తోంది."

"మళ్లీ మూసుకో."

మూసుకుంది. తీసి, మళ్లీ మూసి చూసింది.

"అందరికీ ఇలాగే ఉందనుకున్నానే," అంది.

ఆవిడ వద్దు వద్దంటున్నా కారెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాను. కణత దగ్గర రక్తనాళం వాచిందని, తల నొప్పి, దవడ లాగడం, కంటి మసక అన్నీ దానివల్లేనని డాక్టరమ్మ చెప్పింది. ఎడమ కంటి చూపు ఇక రాదంది. కుడికన్ను నిలబడుతుందో లేదో చెప్పలేం, మందు ఇప్పుడే నరంలోకి ఎక్కించాలంది.

"ఎందుకొచ్చిందమ్మా ఇది?" అని ఓగోత్ అడిగింది. ఆవిడ నోట ప్రశ్న విని నేనే ఆశ్చర్యపోయాను.

"పూర్తిగా ఎవరికీ తెలీదండీ. రక్తనాళం గోడలో కొన్ని కణాలు ముసలివైపోతాయి. పని చెయ్యవు, అలాగని చచ్చిపోవు. అక్కడే కూర్చుని చుట్టుపక్కల వాపు రేపుతుంటాయి. ఈ జబ్బులో వాటి పాత్ర ఉందని అనుకుంటున్నారు."

"పని లేదు, చావూ రాదు, ఊరికే కూర్చోవడం... అచ్చం నాలాగే అన్నమాట."

డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కుడికన్ను దక్కింది. మందులకు ముఖం ఉబ్బి, నిద్ర పట్టక ఓగోత్ నానా తిప్పలూ పడింది. ఇప్పుడు మళ్లీ జడ వేసుకుంటోంది. కానీ నన్ను తొలిచేది ఆ రెండో దీపమే. ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉండుంటే, దీపం ఎందుకు, వెలుతురు బాగానే ఉందిగా అని విసుక్కునేవారు. ఆ విసుగుతో కన్ను నిలబడేది. నేను ఇరవై అడుగుల దూరంలో నా దీపం పెట్టుకుని కూర్చున్నాను.

మళ్లీ డిసెంబరు వచ్చింది. మొన్న మధ్యాహ్నం నీలపు వెలుతురు పోయాక ఫోన్ మోగింది. ఈసారి ఓగోత్ ఇబ్బంది కాదు కదా అని అడగలేదు.

"ఇక్కడ చీకటిగా ఉందే. నీక్కూడానా?"

కిటికీలోంచి చూశాను. ఏమీ కనిపించలేదు.

"నాక్కూడా చీకటే, ఓగోత్."

"హమ్మయ్య," అని పెట్టేసింది.