పది సీసాల వాన

పోయిన సోమవారం పొద్దున మా చెల్లె ఫోన్ చేసి, "అక్కా, బాయి పోయింది" అన్నది. బాయి అంటే బొంబాయి పక్క భివండి బడిల మాకు భూగోళం చెప్పిన టీచరమ్మ. మరాఠీ బడి కాబట్టి అందరం అట్లనే పిలిచేటోళ్లం. మా నాయినమ్మ మాత్రం "బాయి అంటే నీళ్లు చేదుకునేది గదనే!" అని నవ్వేది.

ఆమెది కూడ మా కరీంనగర్ దిక్కే. భర్త పోయినంక ఒక్కతే ఉండేది. ఎంత వానైనా చెప్పులు చేతిల పట్టుకొని బడికి నడిచొచ్చేది.

ఒకనాడు నూటయాభై ఏండ్ల కిందటి అమెరికా ప్రొఫెసర్ సంగతి చెప్పింది. ఆయన ఊరూరి నుంచి గాలి, వాన వివరాలు తెప్పించుకొని, అన్నీ ఒక్క పటం మీద గీసి, తుఫాను ఎట్ల నడుస్తదో చూసిండట. భార్య పోయినంక ఆ పనే ఆయనకు తోడయిందని చెప్పి, కిటికీల నుంచి మబ్బు చూపిచ్చింది.

"తుఫాను కింద నిలబడ్డోనికి తుఫాను కనబడది పిల్లలూ. పది ఊర్లోళ్లు ఒకరికొకరు చెప్పుకుంటే కనబడ్తది."

మర్నాటి నుంచి పదిమంది ఆడపిల్లలం ఇండ్ల మీద ఒక్కతీరు సీసాలు పెట్టినం. మా ఇండ్లు తలో పేటల: నార్పోలిల నేను, కాల్హేర్‌ల ఒకతి, ధామన్కర్ నాకాల ఇంకొకతి. పొద్దున్నే సీసాల పడ్డ వాన కొలిచి రాసేటోళ్లం. అందాజగ రాస్తే ఊరుకునేది కాదు. "చూసింది రాయి. అనుకున్నది రాయకు" అనేది.

నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు, జూలైల ఒక పొద్దున పది సీసాలూ నిండి పొర్లినయి. ఎప్పుడూ ఒకదిక్కు పడితే ఇంకోదిక్కు పడకపోయేది. బాయి పది సీసాల లెక్క రాసిన నా నోట్‌బుక్కు తీసుకొని, నన్ను వెంటబెట్టుకొని, మా నాయిన పనిచేసే మగ్గాల షెడ్డుకు పోయింది. అది నాలా పక్కన పల్లంల ఉండేది. ఆ కాలువ నీళ్లు పోయి ఖాడీల, అంటే సముద్రపు పాయల, కలుస్తయి.

"సేటూ, సాయంత్రం ఖాడీకి సముద్రం పోటొస్తది. ఈ నాలా నీళ్లు ఎటూ పోవు. మనుషులను మీదికి పంపు."

"వాన మాకు కొత్తనా బాయీ? రేపు మాల్ పంపాలె" అని షెడ్డు ఓనరు సేటు నవ్విండు.

ఆమె వాదించలేదు. మగ్గాల చప్పుడుల నాయిన దగ్గరికి పోయి నోట్‌బుక్కు చేతిల పెట్టింది. "నా మాట వద్దు. నీ బిడ్డ రాసింది, చదువు."

నాయిన వేలు పెట్టి మెల్లగ చదివిండు. పని పోతదన్న భయం ఆయన ముఖంల నాకు కనబడ్డది. అయినా పోయి మెయిన్ స్విచ్ దించిండు. షెడ్డంత ఒక్కసారి సప్పుడు లేకుంటయింది. బయట నాలా హోరు అప్పుడు వినబడ్డది, సేటుక్కూడ.

పొద్దుగూకేసరికి షెడ్డుల ఛాతీలోతు నీళ్లు. పనోళ్లందరు అప్పటికే తడిసిన బట్టల తాన్లు మోసుకొని మా బడి మీది అంతస్తుకు చేరిన్రు. సేటు వచ్చి నాయిన పక్కన కూసున్నడు.

"నిన్ను పనిల నుంచి తీసేద్దామనుకున్న."

"నేనూ గట్లనే అనుకున్న" అన్నడు నాయిన.

ఇప్పుడు నేనూ పిల్లలకు చదువు చెప్తున్న. తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం ఆమె పెట్టిన భిక్షే.

బాయి అనంగనే నాకు ఆ వరదొచ్చిన మూడోనాటి ఎండ యాదికొస్తది. బడి వరండా పొడుగూత తెల్లటి తాన్లు ఆరేసిన్రు. వాటి కింద ఒంగుకుంట, ఒక్కో గుడ్డను చేత్తో పైకెత్తి దాటుకుంట, ఆమె క్లాసుకు పోతున్నది.