ఆడబిడ్డల నూట పదహార్లు

మా యారాలు ఎన్నికల్లో నిలబడిన రోజులు నిజంగా జరిగాయా, నేనే కలగన్నానా అని ఇప్పటికీ నాకు అనుమానం. ఏ రోజు ఏం జరిగిందో అడిగితే చెప్పలేను. చెరువు మీద సాయంత్రపు ఎండ, ఫోను టింగుమనే చప్పుడు, ఎవరెవరి ఫంక్షన్లలోనో తిన్న బగారన్నం, ఇవే గుర్తున్నాయి. యారాలంటే తోటికోడలు, మా ఆయన అన్న భార్య. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అంటాను. అంటూనే తిడతాను. ఎంత తిట్టినా నవ్వుతుంది, ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

మాది శామీర్‌పేట చెరువు దగ్గరి ఊరు. బావ చెరువులో వల వేస్తాడు, ఆమె రోడ్డు పక్కన కూర్చుని చేపలు అమ్ముతుంది. నేను రోజూ అత్వెల్లికి పోయి అక్కడి దుకాణంలో బ్లౌజులు కుడతాను. మా ఊరు మున్సిపాలిటీలో కలిసినప్పటి నుంచి చుట్టూ ప్లాట్ల వెంచర్లే. అందులో ఒక వెంచరాయన తన ప్లాట్లకు గోడ కట్టాడు. కట్టుకుంటే కట్టుకున్నాడు, వాన నీళ్లు పోయే కాలువకు అడ్డంగా కట్టాడు మహానుభావుడు. ఆ ఏడు ముసురు పట్టేసరికి నీళ్లు వెనక్కి తన్ని మా వాడలోకి వచ్చాయి. యారాలింట్లో మోకాలిలోతు. బియ్యం డబ్బా తేలుకుంటూ వాకిట్లోకి వచ్చిందని అందరికీ నవ్వుతూ చెప్పింది గానీ, తరువాత ఒక్కతే పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. నేను చూశాను.

గోడ సంగతి అడిగితే ఏ నాయకుడూ నోరు విప్పలేదు. ఎట్లా విప్పుతారు? అందరి ఎన్నికల ఖర్చూ వెంచరాయనే పెడతాడాయె. అందుకే వార్డు ఎన్నిక రాగానే "నేనే నిలవడ్త" అంది యారాలు, ఏ పార్టీ లేకుండా. ఆ మాట పాకిందో లేదో, వెంచరాయన మనిషి మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు.

"నిలవడు అక్కా, మాకు సంతోషమే. ఆటోలు, మైకు, జెండాలు, అన్ని మా సార్ జూస్కుంటడు. నువ్వేం పరేషాన్ గాకు."

"మరి గోడ?" అంది ఆమె.

"గోడ ముచ్చట ఇప్పుడెందుకక్కా?"

డబ్బా మూత కూడా తీయకుండా అతని చేతిలోనే పెట్టి పంపింది. అతను పోయాక మాత్రం అరుగు మీద చతికిలబడింది. "చెల్లె, ఆయన పైస ముట్టుకుంటే ఇగ నా నోరు ఆయనదే. ముట్టకుంటే నిలవడేదెట్ల?"

నేనే అన్నాను, "మందిని అడుగుదాం, ఫోన్ల" అని. ఆస్పత్రి ఖర్చులకు అట్లా అడగడం చూశాను, ఎన్నికలకు ఎందుకు అడగకూడదు? ఆమె ముఖం ముడుచుకుంది.

"అడుక్కునుడా?"

"అడుక్కునుడు కాదు తల్లీ! ఆయన దగ్గర ఒక్కసారే సంచెడు తీస్కునే బదులు నలుగురి దగ్గర చిటికెడు చిటికెడు తీస్కునుడు."

పోటీ చేసేవాళ్లు ఎన్నికల ఖర్చుకు వేరే ఖాతా తెరవాలట. తెరిచాం. దానికి ఫోనుతో పైసలు పంపే కోడు తీసుకున్నాం. ఇక వీడియో తీయాలి. ఏం మాట్లాడాలో నేను రెండు రోజులు నేర్పాను. సాయంత్రం చెరువు కట్ట మీద నిలబెట్టాను. ఎండ నీళ్ల మీద పలచగా పరుచుకుని ఉంది, దూరంగా బావ తెప్ప కదులుతుందో లేదో తెలియకుండా కదులుతోంది, గాలికి ఆమె కొంగు లేస్తోంది. నేను ఫోను ఎత్తగానే నేర్పిందంతా మరిచిపోయింది. నీళ్ల వైపే చూస్తూ "మా వాడలకు నీళ్లొచ్చినయి. గోడ తియ్యిద్దామని నిలవడుతున్న. మీరేస్తె ఎయ్యుండ్రి, లేకుంటే లేదు" అంది. అంతే. నాకు తిక్క లేచింది. మళ్లీ తీద్దామంటే వెలుతురు పోయింది. దాన్నే పంపాను.

మర్నాడు అత్వెల్లిలో మిషన్ తొక్కుతుంటే ఫోను టింగుమంది. ఆగింది. మళ్లీ టింగుమంది. మధ్యాహ్నానికి జాకెట్టు చేతులు ఎటు కుడుతున్నానో నాకే తెలియలేదు, ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఆ రోజంతా ఇంకేమీ చేయబుద్ధి కాలేదు. అన్నీ నూట పదహార్లే! అక్కడక్కడ ఒక ఐదు వందల పదహార్లు. ఒక్కరైనా వంద పంపరే అని వింత పడ్డాను. కింద రాసిన మాటలు చదివాక అర్థమైంది. "మా బాబు పుట్టెంట్రుకలున్నయి, తప్పకుండ రావాలె." "కొత్తిల్లు కట్టినం, అక్క రాకుంటే బాగుండదు."

అవన్నీ మా ఊళ్లో పుట్టి, పెళ్లయి బయటి ఊళ్లకు పోయిన ఆడబిడ్డలు పంపినవి. బతుకమ్మకు ఎవరెవరు వస్తున్నారో మాట్లాడుకోవడానికి వాళ్లు ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు, వీడియో అందులోకి పోయింది. మనవాళ్లకు విరాళం ఇవ్వడం ఎక్కడ తెలుసు? చదివింపులు తెలుసు. పెళ్లిలో పైసలు చదివించినవాళ్లింటికి మనం పోవాలి, ఒక రూపాయి ఎక్కువేసి చదివించి రావాలి. వాళ్లు ఆ లెక్కనే పంపారు. పంపితే పంపారు, మా మహాతల్లి కూడా ఆ లెక్కనే తీసుకుంది!

ప్రచారం జోరుగా ఉండాల్సిన రోజుల్లో ఆమె పట్టుచీర కట్టుకుని ఫంక్షన్లకు బయలుదేరింది. ఖాతాలో పైసలు ముట్టలేదు, తన చేపల పైసల్లోంచే కవర్లు పెట్టుకుంది.

"ఓట్లు ఈడున్నయి, నువ్వు బౌరంపేట్‌ల పులిహోర తింటవా? దిమాక్ ఉందా నీకు?" అని అరిచాను.

"సదివింపు తీస్కొని పోకుంటే ఏమనుకుంటరు చెల్లె?"

"ఓడిపోతవ్!"

"ఓడిపోతే ఓడిపోత. ముందు నడువు, ఆటో పోతది."

ఆమెను ఒంటరిగా పంపలేక నేనూ పోయాను. ఆ తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ మగతగా ఉంటుంది. ఒక హాలులోంచి ఇంకో హాలుకు, మల్లెపూల వాసన, గుండు గీయించుకుని ఏడ్చే పిల్లలు, మైకులో ఎవరివో పేర్లు. ఆటోలో ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయేదాన్ని. లేచేసరికి మళ్లీ ఎవరిదో వాకిలి, మళ్లీ కాళ్లకు పసుపు. ఎక్కడికి పోయినా ఆడవాళ్లు ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని ఊరి సంగతులే అడిగేవాళ్లు.

జవహర్‌నగర్‌లో పాలు పొంగించిన ఇల్లు బాగా గుర్తు. చెత్తగుట్ట వైపు నుంచి గాలి కొడుతుంటే ఇంటామె సిగ్గుపడి తలుపులు మూసింది.

"ఏమనుకోకక్కా, మాకీ వాసన తప్పదు."

"చేపలమ్మేదానికి వాసన సంగతి జెప్తున్నవా?" అంది యారాలు. అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వుతూనే ఇంటామె కళ్లు తుడుచుకుంది.

"నా ఓటు గాడ లేదక్కా. మా అమ్మ ఉన్నది. నీళ్లొచ్చినప్పుడు మంచమెక్కి నిలవడి నాకు ఫోన్ జేసింది. ఈడుండి నేనేం జేస్త? పైస పంపిన. గంతే నాతోనయింది."

ఆ తరువాత నేను ఇక అరవలేదు. ఫంక్షన్లకు పోనిచ్చాను.

ఆడబిడ్డల పైసలతో ఒక ఆటో, ఒక మైకు, కొన్ని కాగితాలు వచ్చాయి. మిగిలిన రోజుల్లో వాడంతా కాళ్లరిగేలా తిరిగాం. పోలింగు దగ్గర పడ్డాక వెంచరాయన మనిషి ఇంటింటికీ పైసల కవర్లు పంచాడట. ఆమె ఓడిపోయింది. వెంచరాయన నిలబెట్టినవాడు గెలిచి కౌన్సిలరయ్యాడు. ఫంక్షన్లకు తిరిగిన రోజులు వాడలో తిరిగుంటే గెలిచేదేమో. ఆ మాట నోటి దాకా వచ్చినా అనలేకపోయాను. ఎందుకంటే ఆమె కొన్నాళ్లు ఫోను టింగుమంటేనే ఉలిక్కిపడేది. "గా ఆడబిడ్డలకు నా మొకమెట్ల సూపియ్యాలె?" అని ఒకటే బాధ.

మళ్లీ వానాకాలం వచ్చింది, మళ్లీ నీళ్లు వచ్చాయి. ఈసారి మున్సిపాలిటీ ఆఫీసరు చూడడానికి వచ్చాడు. ఆయన పక్కన గొడుగు పట్టుకుని కౌన్సిలరు, వెనక వెంచరాయన మనిషి. వాడంతా వాకిళ్లలో నిలబడ్డాం. సన్నగా చినుకులు, అన్నీ బూడిద రంగులో ఉన్నాయి.

"ఏం ఇబ్బందో చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

వెంచరాయన మనిషి ఒక్కొక్కరి ముఖమే చూస్తూ పోతున్నాడు, అతను చూసినవాళ్లల్లా తల దించుకుంటున్నారు. కవర్లు ఎంతమంది తీసుకున్నారో నాకు అప్పుడు తెలిసింది. పక్కకు చూస్తే మా ఆయన కూడా తన చెప్పుల వైపే చూస్తున్నాడు. సొంత వదిన నిలబడిన ఎన్నికలో కవరు తీసుకున్నాడన్నమాట!

నీళ్లలో చప్పుడైంది. యారాలు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ముందుకు నడిచింది.

"గీ గోడ కాలువల కట్టిండ్రు సార్. తియ్యాలె."

"మీరెవరమ్మా?" అన్నాడు ఆఫీసరు. "ఏదైనా పదవిలో ఉన్నారా?"

"లేదు సార్. ఓడిపోయినదాన్ని." "ఎవ్వల కవరు తీస్కోలే. మా ఊరి ఆడబిడ్డలు నిలవెట్టిండ్రు నన్ను. ఆళ్ల అమ్మలు గీ నీళ్లల్ల ఉంటున్నరు. రాస్కోండ్రి."

ఆఫీసరు కౌన్సిలరు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. అప్పుడు మా ఆయన చెప్పులు విడిచి, పాంటు మోకాళ్ల దాకా మడిచి, ఎవరి వైపూ చూడకుండా నీళ్లలో దిగి పోయి వదిన పక్కన నిలబడ్డాడు. వెంచరాయన మనిషి చూస్తూనే ఉన్నాడు. ఇంటికి పోయాక తిడదామని వరుసగా అనుకుని పెట్టుకున్న మాటల్లో ఒక్కటి కూడా నేను ఆయన్ను అనలేదు.