సోషల్ డాన్స్ కూడా ఆవిడ సబ్జెక్టే

మా సోషల్ టీచరుగారు గురువారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. కబురు రాగానే అమ్మ వంటింట్లో చతికిలబడి ఏడ్చింది. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. రాబోయే ఆరు నెలలు ఏ దేశంలో ఉంటానో మా ఆఫీసుకి చెప్పడానికి శుక్రవారం ఆఖరి రోజు. రెండు నెలలు నన్ను తన చుట్టూ తిప్పుకుని, అవునో కాదో చెప్పకుండా, సరిగ్గా ఒక్కరోజు ముందు వెళ్ళిపోయారు. పోయినవాళ్ళ గురించి ఇలా రాయకూడదంటారు. బతికుండగా మొహం మీదే అనేదాన్ని కాబట్టి ఇప్పుడు కొత్తగా మర్యాద నటించలేను.

నాకు రెండు పిచ్చులున్నాయి. బెంగళూరులో ఉద్యోగం చేసిన ఆరేళ్ళలో అంటుకున్నాయి. ఒకటి స్పోర్ట్ క్లైంబింగ్. నడుముకి తాడు కట్టుకుని నిలువు బండ ఎక్కాలి, కింద ఇంకొకరు ఆ తాడు పట్టుకోవాలి. రెండోది సోషల్ డాన్స్. శనివారం సాయంత్రం ఒక హాల్లో చేరి, పాటకొకరితో జోడీ కట్టి సల్సా, బచాటా చెయ్యడం. ఇంటినుంచే పని చేసుకోవచ్చన్నాక మా ఊరు చీమకుర్తి వచ్చేశాను. ఇక్కడ రాయికేం కొదవ లేదు గానీ, అది తవ్వి, కోసి, లారీలకెత్తే రాయి. ఎక్కే బండ కాదు, దిగే క్వారీ. డాన్సు సంగతి సరేసరి. అందుకే ఆఫీసువాళ్ళు ఆరు నెలలు ఏ దేశం నుంచైనా పని చెయ్యొచ్చనగానే, నా పిచ్చులు రెండూ తీరే ఊరు వెతకడం మొదలుపెట్టాను.

"నీకు ముప్పై రెండేళ్ళొచ్చినయ్. నేనొద్దంటే ఆగుతావా?" అంది అమ్మ. "టీచరుగారు సరేనంటే మాత్రం నాక్కాస్త నిద్ర పడుతుంది." అమ్మకీ, నాకూ కూడా సోషల్ చెప్పింది ఆవిడే. ఆవిడ మాటంటే అమ్మకి అంత గురి.

సరే, వెళ్ళి చెప్పాను. సోషల్ డాన్స్ అనగానే ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు. "సోషలంటే నా సబ్జెక్టేగా. నన్నడిగి మంచి పని చేశావ్." అప్పుడే సరిదిద్దవలసింది, నవ్వొచ్చి ఊరుకున్నాను. వారం రోజులపాటు ఆవిడ, స్కూలు వార్షికోత్సవానికి పిల్లలచేత ఉప్పు సత్యాగ్రహం ఆడించినట్టు, ఆ దేశాల్లో జనం నదుల మీదా పంటల మీదా డాన్సులు కడతారనుకున్నారు. "మన గుండ్లకమ్మ గురించి కూడా వాళ్ళకి నేర్పించు" అని ఒక పాట రాయడానికి సిద్ధపడ్డారు. ఇక లాభం లేదని అసలు సంగతి చెప్పేశాను.

ఆదివారం చర్చిలో మొదటి బెంచీ వదలని మనిషి, నన్ను చీల్చి చెండాడతారనుకున్నాను.

"ముక్కూ మొహం తెలీనోళ్ళ చెయ్యి పట్టుకుంటావా?"

"అవునండీ టీచర్."

"పాటవ్వగానే వదిలేస్తారా? పేరన్నా అడగరా?"

"కొంతమంది అడుగుతారు, కొంతమంది అడగరు."

"అడగాలే! చెయ్యి పట్టుకుని పేరడక్కపోతే ఎట్లా?" అని లేచి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకున్నారు. "ఏదీ, చూపించు."

వరండాలో ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. నేను నడిపిస్తాననీ, నాతోపాటు అడుగేస్తే చాలనీ చెప్పాను. "నలభయ్యేసి మందిని లైన్లో నడిపించినదాన్ని. నువ్వు నన్ను నడిపించేదేంటే?" అంటూ ఆవిడే నన్ను లాక్కెళ్ళారు. నా మోకాలు వెళ్ళి నీళ్ళ తొట్టికి కొట్టుకుంది.

ఆ తర్వాత, కంప్యూటరు మూసి ఆవిడింటికి వెళ్ళినప్పుడల్లా నా బుర్ర తినడం మొదలుపెట్టారు. నేను అనుకున్న ఊళ్ళు మూడు. గ్రీసులో కాలిమ్నోస్ అనే ద్వీపం, స్పెయిన్‌లో వలెన్సియా, థాయ్‌లాండ్‌లో చియాంగ్ మై. ఒక్కోదానికీ ఎనిమిది మార్కుల ప్రశ్నకి రాసినట్టు సమాధానం రాసి తెమ్మన్నారు. ఉనికి, శీతోష్ణస్థితి, నేలలు, ప్రధాన పంటలు, రవాణా. "పాయింట్లుగా రాయి. కథలు రాయకు." నాకు కావలసింది బండా, డాన్సు హాలూ, అక్కడి నేలలతో నాకేం పని? అయినా రాసుకెళ్ళాను. ఎర్ర పెన్నుతో దిద్ది కాలిమ్నోస్‌కి ఐదు మార్కులు వేశారు. మ్యాపు గీయలేదట. మధ్యమధ్యలో "ఇంత దూరం దేనికి? కనిగిరి దుర్గం కొండ ఎక్కరాదూ? దారి కూడా ఉంది" అనేవారు. దారుంటే ఇంక ఎక్కడం దేనికని నేనూ అరిచేదాన్ని.

అన్ని ప్రశ్నల్లోనూ ఒక్కటే నన్ను పట్టుకుంది. "అక్కడ నీ తాడు పట్టుకునేదెవరే?"

"ఎవరో ఒకళ్ళు దొరుకుతారు టీచర్."

"ఎవరో ఒకళ్ళ చెయ్యి పట్టుకుంటే పాటదాకేగా. తాడట్టా కాదు. కనుక్కో."

విసుక్కుంటూనే మూడు ఊళ్ళలోని క్లైంబింగ్ బృందాలకీ మెయిళ్ళు రాశాను. రెండు చోట్ల నుంచి రమ్మని పొడిగా జవాబొచ్చింది. వలెన్సియా నుంచి ఒక నర్సు మాత్రం, నేను ఎన్నేళ్ళ నుంచి తాడు పడుతున్నానో, ఎప్పుడైనా ఎవరినైనా జారవిడిచానో నన్నే నిలదీసి అడిగింది. అది చదివి వినిపిస్తే టీచరుగారు మొదటిసారి తృప్తిగా తలూపారు. "ఈవిడకి ప్రశ్న అడగడం వచ్చు" అన్నారు. హమ్మయ్య, ఇవాళ సరేనంటారనుకున్నాను. "చైనా గురించి రాయలేదేం?" అన్నారు. అది సోమవారం.

శుక్రవారం మధ్యాహ్నం సమాధి మీద మట్టి వేసి ఇంటికొచ్చాక అమ్మ కాళ్ళు కడుక్కుంటూ చెప్పింది. "ఆఫీసోళ్ళకి రాసెయ్యి. ఆవిడ ఎప్పుడో సరేనన్నారు."

"ఎప్పుడో అంటే ఎప్పుడు?"

"నువ్వు వెళ్ళి చెప్పొచ్చిన మర్నాడే. మార్కెట్లో కనపడి 'పిల్లని పంపించు, భయపడమాక' అన్నారు. 'నేను సరేనన్నానని మాత్రం దానికి చెప్పొద్దు. చెబితే రేపట్నించి రాదు' అన్నారు."

రెండు నెలలు! నేలలు, పంటలు, రవాణా! తిట్టు నోటిదాకా వచ్చింది, తిట్టడానికి మనిషి లేదు. అడిగుంటే ఊరికే వచ్చి కూర్చునేదాన్ని కదా అని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. వచ్చేదాన్ని కాదు. బెంగళూరులో ఉన్న ఆరేళ్ళలో ఎన్నిసార్లు ఊరొచ్చానో, అందులో ఆవిడ గడప ఎన్నిసార్లు తొక్కానో నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

వలెన్సియా అని రాసి ఆఫీసుకి పంపించాను. కంప్యూటరు మూసి, అలవాటుగా చెప్పులేసుకుని వీధిలోకి వచ్చేశాను. నాలుగడుగులు వేశాక ఆగిపోయాను.

"ఎక్కడికే?" అంది అమ్మ గుమ్మంలోంచి.

బండరాళ్ళ లారీ ఒకటి హారన్ కొడుతుంటే పక్కకి తప్పుకుని, దాని దుమ్ములో అలాగే నిలబడ్డాను.