పసుపు అంటిన ఓటు

పంతొమ్మిది వందల అరవైల్లో, బోధన్‌లో హైస్కూలు ఆఖరి ఏడాది చదువుతున్నప్పుడు నాకున్న కోరికల్లా ఒక్కటే: మా క్లాసులోని కర్ర అల్మారా తెరుచుకోవాలి. చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం పుస్తకాలన్నీ అందులోనే ఉండేవి. కొనుక్కోలేని నాలాంటివాళ్ళకు అవే దిక్కు. తాళంచెవి క్లాసు లీడరు దగ్గర ఉండేది. లీడరు ఎడపల్లి పటేలు గారి అబ్బాయి. మంచివాడే కానీ మహా మతిమరుపు మనిషి. ఎప్పుడడిగినా "ఇంట్ల మరిసిన, రేపు తెస్త" అనేవాడు. అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయినా ఆ రేపు రాలేదు. నా సోషల్ మార్కులు చూసుకుంటే ఒళ్ళు మండింది. పబ్లిక్ పరీక్షకు ఇంకా మూడు నెలలే ఉంది.

మా బడిలో అర్ధ సంవత్సర పరీక్షల తర్వాత లీడరును మళ్ళీ ఎన్నుకునేవారు. చేతులెత్తడమే ఓటు. మాలో సగం మంది తండ్రులు, మా బాపుతో సహా, పటేలు చెరకు తోటల్లో కూలికి పోయేవాళ్ళే. ఆయన కొడుకు చూస్తుండగా చెయ్యి ఎత్తకుండా ఎవరుంటారు? అయినా ఈసారి నేను పోటీకి నిలబడతానన్నాను. పక్కన కూర్చునే స్నేహితురాలు "నీకేమన్న పిచ్చి లేసిందా?" అని తొడ మీద గిచ్చింది.

సోషల్ సారు అప్పుడే ఎన్నికల పాఠం చెప్పి ఉన్నారు. "రహస్య ఓటు అంటే ఏందో చేసి చూపిస్త" అన్నారు. చీటీలు రాయిస్తే చేతిరాత బట్టి దొరికిపోతారని గుర్తులు పెట్టారు. లీడరుకు చెరకు ముక్క, నాకు పసుపు కొమ్ము. సారుది పసుపు పండించే ఏర్గట్ల ఊరు. అప్పుడే తవ్విన పచ్చి పసుపు సంచిలో తెచ్చి, ముక్కలుగా విరిచి, బల్ల మీద చెరకు ముక్కల పక్కన పోశారు. బల్లకు అడ్డంగా భారతదేశ పటాన్ని వేలాడదీశారు. ఒక్కొక్కరు పటం వెనక్కి పోయి, తమకు నచ్చిన ముక్కను డబ్బాలో వేసి రావాలి.

మొదటి ఇద్దరు మామూలుగానే వచ్చారు. మూడో అమ్మాయి చెయ్యి లంగాకు తుడుచుకుంటూ వచ్చింది. పచ్చి పసుపు తుడిస్తే పోతుందా? లీడరు స్నేహితుడొకడు ఆమె వేళ్ళు చూసి "గీమె పసుపుకేసింది" అన్నాడు. ఆ పిల్ల తండ్రి పటేలు దగ్గర బండి తోలేవాడు. ఆమె ముఖం పాలిపోయింది. ఆ తర్వాత పటం వెనక్కి వెళ్ళినవాళ్ళంతా శుభ్రమైన చేతులతో తిరిగొచ్చారు. ఓట్లన్నీ ఎటు పోతున్నాయో నాకు కళ్ళారా కనబడుతోంది. ఇక ఆగలేక లేచి నిలబడ్డాను.

"సార్, గిది రహస్యం కాదు."

"ఎట్ల కాదు? పటం అడ్డమున్నది గద" అన్నారు సారు కొంచెం కోపంగానే.

"అందరి చేతులు సూడున్రి సార్. ఎవలు ఎవలికేసిన్రో పసుపే చెప్తున్నది."

సారు ఆ అమ్మాయి వేళ్ళు చూశారు, తర్వాత తన వేళ్ళు చూసుకున్నారు. పసుపు మధ్యనే పుట్టి పెరిగిన మనిషికి ఆ రంగు కంటికి ఆననే లేదు. "మరి ఏం జేద్దామంటవు?" అని నన్నే అడిగారు.

"అందరు చెరకొకటి, పసుపొకటి రెండు ముక్కలు చేతిల పట్టుకొని, పసుపు మంచిగ నలపాలె సార్. ఇష్టమైన ముక్క డబ్బాల, ఇంకోటి పక్కన బకెట్ల వెయ్యాలె. అప్పుడు అందరి చేతులు ఒక్క తీరుగనే ఉంటయి."

సారు డబ్బా ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెట్టించారు. ఈసారి క్లాసంతా, లీడరుతో సహా, పచ్చటి వేళ్ళతో వచ్చి కూర్చుంది. డబ్బా బోర్లిస్తే పసుపు కుప్పే పెద్దది. తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాను. ఆ గర్వాన్ని నేనేమీ దాచుకోలేదు. విచిత్రమేమిటంటే ఆ రోజు తాళంచెవి లీడరు జేబులోనే ఉంది. నా చేతిలో పెడుతూ "నాగ్గూడ అర్థశాస్త్రం పుస్తకం గావాలె" అన్నాడు. "రేపు ఇస్త" అన్నాను. అక్కడికక్కడే అల్మారా తెరిచి, అడిగినవాళ్ళందరికీ పుస్తకాలు పంచి, చివరికి అతనికీ ఒకటి ఇచ్చాను.

నేను పౌరశాస్త్రం పుస్తకం తీసుకుని ఇంటికి వచ్చాను. బాపు నా చేతులు చూసి "పసుపు ఏరవోయినవా బిడ్డా?" అన్నాడు. జరిగింది చెప్తే ముందు భయపడ్డాడు. "పటేలు కొడుకు మీదనా? నీకేసినోళ్ళ గతేంది?"

"ఎవలేసిన్రో ఎవలికీ తెల్వది బాపు" అని, పుస్తకం తెరిచి ఓటు పాఠం చదివి వినిపించాను. ఎవరు ఎవరికి ఓటేశారో తెలుసుకునే హక్కు ఎవరికీ లేదన్నచోట బాపు నన్ను ఆపి, మళ్ళీ చదవమన్నాడు.

"అంటే నేను ఏ గుర్తుకేసిన్నో పటేలుకు తెల్వనే తెల్వదా?"

"తెల్వది."

బాపు అప్పటిదాకా అన్ని ఎన్నికల్లోనూ పటేలు చెప్పిన గుర్తుకే ఓటేసి వచ్చిన మనిషి. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల రోజు, ఉతికిన ధోతి కట్టుకుని పోయి ఓటేసి వచ్చాడు. గుమ్మంలోనే ఎదురుపోయి, ఎవరికి వేశావని అడిగాను.

"గది నీకెందుకు బిడ్డా?" అన్నాడు బాపు.