లిల్లీ పేరు కింది తోక

మా చిన్నప్పుడు హైదరాబాద్ పాతబస్తీ శాలిబండలో బట్టలకే కాదు, అక్షరాలకూ ఫ్యాషన్లు వచ్చేవి... ఆ ఎండాకాలం లిల్లీ అక్షరాల ఫ్యాషన్.

లిల్లీ అంటే పాప్ పాటల గాయని. మొదటి క్యాసెట్ కవర్ మీద ఆమె పేరు ఇంగ్లీషులో లావుగా, గుండ్రంగా, అప్పుడే మూకుడులోంచి తీసిన బూరెల్లా ఉండేది. రెండో క్యాసెట్‌కి వచ్చేసరికి అక్షరాలు చిక్కిపోయాయి. పక్కకు వాలి, జంట గీతలయ్యాయి. చివరి అక్షరం తోక వెనక్కి తిరిగి, పేరు మొత్తం కింద ఒకే గీతగా సాగేది. పాటలు అంతంతే గానీ, ఆ తోక మీద మాత్రం బస్తీ అంతా మోజు పడింది...

మా బాపు, అంటే నాన్న, బోర్డులు రాసేవాడు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ రాసేవాడు, తెలుగు ఒక్కటే చదివేవాడు. మిగతావి ఆయనకు బొమ్మలు. నేను ఊళ్లో అవ్వ దగ్గర ఉండి చదువుకుంటూ, సెలవులకు శాలిబండ వచ్చేవాణ్ణి. అప్పుడే ఏబీసీడీలు వచ్చాయి. ఇంగ్లీషు నేను చదవగలను, రాస్తే కోడి గెలికినట్టు. బాపు రాయగలడు, చదవలేడు. ఇద్దరం కలిస్తే ఒక చదువుకున్న మనిషి.

క్యాసెట్ల దుకాణం ఖాదర్ భాయ్ బాపు చేతిలో ఆ రెండో కవర్ పెట్టి, కొత్త బోర్డు మీద అచ్చం అట్లాగే కావాలన్నాడు.

"దేఖో భాయ్, జర్ర తేడా వచ్చినా గామె లిల్లీ కాదు, మీ ఊరి లింగవ్వ అయితది."

"లింగవ్వ గూడ మంచిగనే పాడుతది భాయ్," అన్నాడు బాపు.

సుద్ద పొడి పూసిన దారాన్ని బోర్డుకు అడ్డంగా బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే గీత పడుతుంది. ఆ చివర బాపు, ఈ చివర నేను. ఏటా చేసే పనే. కానీ ఆ రోజు దారం నా వేళ్లలో సన్నగా వణికింది... గాలేమో అనుకున్నాను. ఆకు కూడా కదలడం లేదు. ఆ చివర చూస్తే, వణుకుతున్నది బాపు చెయ్యి.

"ఏంది బాపు?"

"ఏం లేదు. గట్టిగ పట్టు."

నేను గట్టిగానే పట్టుకున్నాను.

ఎడమ చేత్తో అడ్డంగా కర్ర పట్టి, దాని మీద కుడి మణికట్టు ఆనించి అక్షరాలు ఎలాగో పూర్తి చేశాడు. తోక దగ్గర ఆగాడు. అంత పొడుగు గీతకు కర్ర పనికిరాదు. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లాగాలి. లాగాడు... నీళ్లలో రాయి వేసినట్టు అలలు వచ్చాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్లీ లాగాడు. మళ్లీ అలలే. మూడోసారి నేను కూడా ఊపిరి బిగబట్టాను, ఏమన్నా సాయం అవుతుందేమోనని. కాలేదు.

మళ్లీ తుడవబోతుంటే ఖాదర్ భాయ్ చాయ్ పట్టుకుని బయటికొచ్చాడు.

"అరే, తుడుస్తవేంది? పాగల్ అయినవా? వహ్వా! పాట ఊగుతున్నట్టే ఉంది గద! కవర్ మీద గిట్ల యాడుంది?"

బాపు గుడ్డ జేబులో పెట్టుకున్నాడు. చాయ్ గ్లాసు మాత్రం అందుకోలేదు, కింద పెట్టమన్నాడు.

ఇంటికి నడుస్తూ అన్నాడు, "మీ అమ్మకు చెప్పకు."

"డాక్టర్‌కు చూపియ్యి బాపు."

"చూపిచ్చిన. చూసిండు."

వారం తిరక్కుండానే టైలర్ నుంచి సెలూన్ దాకా అందరూ వచ్చారు... "అన్నా, లిల్లీ లెక్క ఊగాలె!" పొద్దున చెయ్యి కొంచెం కుదురుగా ఉన్నప్పుడు బాపు మామూలు బోర్డులు రాసేవాడు. మధ్యాహ్నం వణుకు ఎక్కువయ్యాక లిల్లీ బోర్డులు. జనం ముచ్చటపడుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. సెలవులు అయిపోయేసరికి పొద్దుటి బోర్డుకూ మధ్యాహ్నం బోర్డుకూ తేడా లేకుండా పోయింది. పన్నెండేళ్లవాణ్ణి... దారం చివర పట్టుకోవడం తప్ప నాకేం వచ్చు?

ఏటా నేను ఊరికి బయల్దేరే ముందు నా ఇనుప పెట్టె మూత మీద పేరు, కొత్త తరగతి రాసిచ్చేవాడు. ఆసారి యాకుత్‌పురా స్టేషన్‌కు వెళ్లే వేళకు కుంచె నా చేతిలో పెట్టాడు.

"ఈపారి నువ్వే రాసుకో, యాదగిరీ."

"నువ్వే రాయి బాపు. ఊగినా మంచిగుంటది."

అనకూడని మాట అని, అన్నాక తెలిసింది. ఆయన కుంచె వెనక్కి తీసుకోలేదు.

రాశాను. మొదటి అక్షరం మిట్ట మీద, చివరిది గుంతలో. బాపు తల పక్కకు వంచి చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉంది. తోక మాత్రం పెట్టకు."

మరుసటి ఏడు నేను వచ్చేసరికి బాపు బోర్డులు రాయడం మానేశాడు, కుంచెలు నూనె ఇంకిన డబ్బాలో ఎండి పుల్లలైపోయాయి. ఖాదర్ భాయ్ బోర్డు మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది...

ఇప్పుడు నా ఫోన్‌లో ఎన్ని రకాల అక్షరాలో! లావువి, సన్నవి, వాలినవి... వణికేవి కూడా ఉన్నాయి. ఒకసారి నొక్కితే వణుకుతాయి. ఇంకోసారి నొక్కితే ఆగిపోతాయి.

అంత సులువుగా...

మీ పెట్టె మీదో, పలక మీదో మీ పేరు మొదట రాసిన చెయ్యి ఎవరిది? గుర్తుంటే కింద రాయండి. వంకర పోయినా పర్లేదు.