నేను కొనిచ్చిన బఫింగ్ మిషన్

మా నాయన కార్లకు రంగులు వేసేవాడు. రెజిమెంటల్ బజార్ వెనక సందులో ఒక షెడ్డు, దానికొక సేటు, ఆ షెడ్డులో ఓ మూలన మా నాయన. వేసిన రంగును నునుపు చేసి మెరిపించడం ఆయన ప్రత్యేకత. తడిపిన వాటర్ పేపర్‌తో తోమి, పైన కాంపౌండ్ అనే మెరుగు ముద్ద పూసి, గుడ్డతో గంటల తరబడి చేత్తోనే రుద్దేవాడు. ఒక్క బానెట్‌కే ఒక పూట పట్టేది. ముప్పై ఏళ్లు అలా రుద్దితే భుజం ఏమవుతుంది? తల దువ్వుకుందామన్నా చెయ్యి పైకి లేచేది కాదు. సేటుకు అదేమీ కనబడేది కాదు. కారు ఎప్పుడిస్తావన్నదే ఆయన గొడవ.

అప్పుడే నాకు ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మా కుటుంబంలో కుర్చీలో కూర్చుని పనిచేసి జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. దాంతో నాకు అన్నీ తెలుసన్న పొగరు కూడా వచ్చింది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నాయనకు ఆ రుద్దే పని చేసిపెట్టే బఫింగ్ మిషన్ కొనిస్తానని వీధంతా చాటింపు వేసి, ఒక శనివారం ఆయన్ను రాణిగంజ్ తీసుకెళ్లాను.

దుకాణంలో రెండు రకాలు చూపించారు. మొదటిదాని చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. త్వరగా మెరుపు తెస్తుంది గానీ, అంచు మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిపితే రంగు లేచిపోయి కిందనున్న ప్రైమర్ పూత బయటపడుతుంది. రెండోది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. పని నెమ్మదే, కానీ రంగుకు భయం లేదు.

నాయన మొదటిదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. స్విచ్ వేయకుండానే కొంచెం ఒంచి, బల్ల అంచు వెంబడి నడిపాడు. వేరే షెడ్డులో అడిగి తీసుకుని దాన్ని చాలాసార్లు వాడాడట. ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది.

"గిదే ఇప్పియ్యి బిడ్డా. చేతిల పనున్నోనికి గిదే మిషన్" అన్నాడు.

"రంగు పోతదంట గద నాయినా. నీ భుజం చూస్తే గట్లుంది. ఎవరిదన్న కారు ఖరాబైతే సేటు ఊకుంటడా?" అన్నాను.

ఆ మాట దుకాణంలో అందరి ముందూ అన్నాను. దుకాణదారు మా ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో కనిపెట్టి నా వైపు తిరిగాడు.

"ఊగేది తీస్కోండి మేడమ్. ఎవలన్నా నడపొచ్చు, నేర్చుకునే పనే లేదు."

అది విని నేను సంతోషించాను! ఎవరైనా నడపగలిగేది మా నాయనకెందుకన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు. నాయన చేతిలోని మిషన్ బల్ల మీద పెట్టేసి "నీ ఇష్టం" అన్నాడు. మల్కాజ్‌గిరిలో మా ఇంటి దాకా బస్సులో నేనొక్కదాన్నే మాట్లాడాను.

మిషన్ బాగా పనిచేసింది. అదే నా ఖర్మ. నెల తిరిగేసరికి నాయన భుజం కొంచెం తెరిపిన పడింది. ఆఫీసులో కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాను. సేటు మాత్రం రోజూ వచ్చి, నిలబడి చూసి పోయేవాడట. ఒక ఆదివారం నాయన లేనప్పుడు షెడ్డు కాపలా మనిషి చేతికి మిషన్ ఇచ్చి నడిపించాడు. అప్పటిదాకా ఆ మనిషి పని గేటు తీయడం, కార్లు కడగడం. కారు తళతళలాడింది.

సోమవారం నాయన వెళ్తే సేటు కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ముప్పై ఏళ్లలో ఎన్నడూ తెప్పించని చాయ్.

"ఎన్నేండ్లు పరేషాన్ అయితవ్ భాయ్? భుజం తక్లీఫ్ ఇస్తుంది గద. జెర ఆరామ్ తీస్కో" అన్నాడట.

ఎన్నాళ్లు ఆరామో చెప్పలేదు. నాయనకు అర్థమైంది. చాయ్ ముట్టకుండా, మిషన్ అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మరునాడు ఆఫీసుకు సెలవు పెట్టి షెడ్డుకు వెళ్లాను. మిషన్ పట్టుకుపోతే సేటు కాళ్లబేరానికి వస్తాడని నా ధీమా. సేటు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"తీస్కపో బిడ్డా, మీదే గద. మేం సుత గసొంటిదే కొన్నం. మంచి మిషన్ చూపెట్టినవ్."

లోపల కాపలా మనిషి కొత్త మిషన్‌తో ఒక నల్ల కారుకు మెరుగు పెడుతున్నాడు. నల్ల రంగు మీద ఏ తప్పూ దాగదని నాకూ తెలుసు. బానెట్ మీదికి వంగి, తలుపుల పక్కన కూర్చుని, తల అటూ ఇటూ తిప్పి వెతికాను. సిగ్గు విడిచి వెతికాను. ఒక్క లోపం దొరకలేదు. ఆ మనిషి నన్ను చూసి బెదిరి మిషన్ ఆపేశాడు. అతన్ని తిడదామని వెళ్లినదాన్ని, మా మిషన్ డబ్బా ఎత్తుకుని బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి నాయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నా చేతిలో డబ్బా చూశాడు గానీ దాని గురించి అడగలేదు.

"ఎట్ల చేస్తుండు వాడు?" అన్నాడు.

"నాశనం చేస్తుండు నాయినా. బానెట్ నిండ గుండ్రంగ గీతలే. నాలుగు రోజులు పోతే సేటే వచ్చి నిన్ను పిలుస్తడు చూడు" అన్నాను.

నాయన నా ముఖంలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు.

"చెయ్యి తిరగనోడు పట్టుకుంటే గీతలు పడేది నేనడిగిన దాంతోని బిడ్డా. నువ్వు కొన్నదాంతోని పడయి. మంచిదే కొన్నవ్."